రానివాళ్ల లెక్క

గుండెపోటు వచ్చినవాణ్ని బతికిస్తే ఆ డాక్టరు పేరు ఊరంతా మోగిపోతుంది. అసలు గుండెపోటే రాకుండా చూసిన డాక్టరు గొప్పదనం ఎవరికి తెలుస్తుంది? దాన్ని కొలిచేదెలా? వేల్స్‌లోని ఓ బొగ్గుగని పల్లెలో మొదలై మన పీహెచ్‌సీల దాకా వచ్చిన లెక్క ఇది.

ఒక ఊళ్లో ఇద్దరు డాక్టర్లు ఉన్నారనుకుందాం. మొదటాయన దగ్గర 100 మంది బీపీ రోగుల పేర్లున్నాయి. క్రమం తప్పకుండా వస్తున్నది మాత్రం 50 మంది. ఆ 50లో 40 మందికి బీపీ అదుపులో ఉంది. రెండో ఆయన దగ్గరా 100 పేర్లే. వస్తున్నది 90 మంది. వాళ్లలో 60 మందికి అదుపులో ఉంది. ఇద్దరిలో ఎవరు నయం?

'మా దగ్గర నూటికి 80 మందికి కంట్రోల్లోనే ఉందండీ' అని మొదటాయన ధీమాగా చెప్పుకోవచ్చు. అబద్ధమేమీ కాదు. 50కి 40 అంటే 80 శాతమేగా! అదే లెక్కన రెండో ఆయనకు వచ్చేది 67 శాతం లోపే. కానీ పేరు రాయించుకున్న 100 మందినీ లెక్కలోకి తీసుకుంటే బొమ్మ తిరగబడుతుంది. మొదటాయనకు 40, రెండో ఆయనకు 60. మరి మొదటాయన రిజిస్టర్లో పేరుండి కూడా కనిపించకుండా పోయిన ఆ 50 మంది ఏమయ్యారు?

గుండె విషయంలో ఇది చిన్న ప్రశ్న కాదు. బీపీకి నొప్పి ఉండదు. జ్వరంలా ఒళ్లు కాలదు. మాత్ర మానేసిన మర్నాడు ఏమీ జరగదు. నెల తర్వాతా ఏమీ కాదు. 'బాగానే ఉన్నాగా, ఇంకా ఈ మందులెందుకు' అనుకుని మనిషి ఆసుపత్రి గడప తొక్కడం మానేస్తాడు. కొన్నేళ్లకు ఓ తెల్లవారుజామున మూతి వంకరపోయో, ఛాతీ పట్టుకునో అంబులెన్సులో వస్తాడు. అంటే, డాక్టరు ఎదురుగా కూర్చున్న రోగికన్నా ఆ కుర్చీలో కూర్చోవడానికి రాని రోగికే ముప్పు ఎక్కువన్నమాట.

స్టెంట్లెన్ని వేశారో, బైపాస్‌లెన్ని చేశారో లెక్కపెట్టడం తేలిక. జరగని గుండెపోట్లను లెక్కపెట్టేదెలా? అందుకే వైద్యరంగం ఓ దగ్గరిదారి ఎంచుకుంది. గుండెపోటుకు దారితీసే ముఖ్యమైన కారణాలు తెలిసినవే... అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్‌, పొగ, షుగరు. ఒక డాక్టరు తన పరిధిలోని ఎంతమందిలో వీటిని అదుపులో ఉంచగలిగారో చూస్తే ఆయన పనితనం తెలిసిపోతుంది. వినడానికి ఎంత సులువో! చేయబోతేనే అసలు సంగతి బయటపడింది.

గని పల్లెలో గుండె డాక్టరు

దక్షిణ వేల్స్‌లోని అఫాన్‌ లోయలో గ్లిన్‌కోరుగ్‌ అనే చిన్న ఊరుంది. బొగ్గు తవ్వుకుని బతికిన ఊరు. 1961లో అక్కడికి జూలియన్‌ ట్యూడర్‌ హార్ట్‌ అనే డాక్టరు వచ్చాడు. లండన్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చిచెప్పిన రిచర్డ్‌ డాల్‌ దగ్గర పనిచేసినవాడు. కావాలనుకుంటే ఏ పెద్దాసుపత్రిలోనో స్థిరపడిపోయేవాడే. కమ్యూనిస్టు భావాలున్న మనిషి కావడంతో గని కార్మికుల మధ్యే ఉండిపోయాడు. పార్లమెంటుకు కూడా పోటీచేశాడు, ఓడిపోయాడు. కానీ వైద్యంలో ఆయన చేసిన ఓ పనికి మాత్రం ప్రపంచం ఆగి చూసింది.

1968లో ఆయన ఊళ్లోని పెద్దవాళ్లందరి బీపీ కొలవడం మొదలుపెట్టాడు. 'అందరి' అన్న మాటే ఇక్కడ ముఖ్యం. జలుబని వచ్చినా, కాలు బెణికిందని వచ్చినా ముందు చేతికి పట్టీ చుట్టేవాడు. ఏ రోగమూ లేదని అసలు ఆసుపత్రికే రానివాళ్లను కబురుపెట్టి పిలిపించేవాడు. తన దగ్గర పేరున్న ప్రతి ఒక్కరికీ ఇలా మామూలుగా బీపీ కొలిచిన తొలి డాక్టరుగా ఆయన పేరు నిలిచిపోయింది. ఊరి జనాభా మహా అయితే 2 వేలు. కాబట్టే అది సాధ్యమైంది అనేవాళ్లూ ఉన్నారు. నిజమే కానీ, 2 వేల జనాభా ఉన్న ఊళ్లు ప్రపంచంలో కోకొల్లలు. అలా కొలిచిన డాక్టరు మాత్రం అప్పటికి మరొకరు లేరు!

1970లో గని మూతపడింది. ఊరు పేదదైపోయింది. ఆ మరుసటి ఏడాదే 'లాన్సెట్‌' పత్రికలో ఆయన రాసిన ఓ వ్యాసం సంచలనమైంది. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువగా అందుతోందన్నది దాని సారాంశం. అక్కరకూ అందుబాటుకూ మధ్య ఉన్న ఈ తలకిందుల సంబంధాన్ని వైద్య విద్యార్థులు ఇప్పటికీ పాఠంగా చదువుతున్నారు.

ఆయన అక్కడితో ఆగలేదు. తన రోగుల్లో వరసగా చనిపోయిన 500 మంది వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కో మరణం వెనకా తప్పించదగ్గ కారణం ఏదైనా ఉందా, ఉంటే అందులో రోగి వాటా ఎంత, పెద్దాసుపత్రి వాటా ఎంత, తన వాటా ఎంత అని విడదీసి 1987లో 'బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌'లో అచ్చువేయించాడు. తన చేతికింద పోయిన ప్రాణాల లెక్క తానే తీసి లోకం ముందు పెట్టే డాక్టర్లు ఎంతమంది ఉంటారు?

పాతికేళ్ల ఆ పని ఫలితం 1991లో వెలుగుచూసింది. పక్కనే ఉన్న, అంతే పేదదైన మరో ఊరితో పోలిస్తే గ్లిన్‌కోరుగ్‌లో 65 ఏళ్లలోపు మరణాలు 28 శాతం తక్కువ. కొత్త మందేదో కనిపెట్టినందుకు కాదు. అందరి దగ్గరా ఉన్న మందుల్నే, ఎవరినీ వదలకుండా అందించినందుకు. ట్యూడర్‌ హార్ట్‌ 2018లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

సగంలో సగం, అందులో సగం

ఆ రోజుల్లోనే వైద్యులు ఓ చేదు సూత్రాన్ని గమనించారు. దానికి 'సగాల సూత్రం' అని పేరు. బీపీ ఉన్నవాళ్లలో సగం మందికే ఆ సంగతి తెలుసు. తెలిసినవాళ్లలో సగం మందే మందులు వాడతారు. వాడేవాళ్లలో సగం మందికే అదుపులో ఉంటుంది. 1,000 మందితో మొదలుపెడితే 500, 250... చివరికి మిగిలేది 125. ఎనిమిది మందిలో ఒక్కరు!

ఇప్పుడు ఆ ఇద్దరు డాక్టర్ల లెక్క మళ్లీ గుర్తు తెచ్చుకోండి. మందు వాడుతున్నవాళ్లనే లెక్కపెడితే సగం మంది గట్టెక్కినట్టు కనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లందరినీ లెక్కపెడితే ఎనిమిదో వంతే. రెండూ నిజాలే. ఆసుపత్రి బోర్డు మీద మాత్రం మొదటిదే రాసుకోబుద్ధేస్తుంది.

1,050 మార్కుల పరీక్ష

2004 ఏప్రిల్‌లో బ్రిటన్‌ ప్రభుత్వం ఓ సాహసం చేసింది. కుటుంబ వైద్యులందరికీ మార్కులు పెట్టింది. మొత్తం 1,050. అందులో 550 జబ్బుల చికిత్సకు. గుండె రక్తనాళాల జబ్బుకు 121, బీపీకి 105. గుండె జబ్బున్నవాళ్లలో ఎంతమందికి బీపీ 150/90 లోపు ఉంది, ఎంతమందికి కొలెస్ట్రాల్‌ హద్దులో ఉంది, ఎంతమంది పొగతాగుతున్నారో అడిగి రాసుకున్నారా, మానమని చెప్పారా... ఇలా ఒక్కోదానికి ఇన్ని మార్కులని. మార్కుకింతని డబ్బు. బాగా చేసిన డాక్టరు ఆదాయంలో దాదాపు పావువంతు దీన్నుంచే వచ్చేది.

మార్కులంటే మనకు తెలియనిదేముంది! ఎంసెట్‌ కోచింగుల్లో ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది. డాక్టర్లు ప్రభుత్వం ఊహించినదానికన్నా బాగా చదివేశారు. మొదటి ఏడాదే ఇంగ్లండులో సగటున 91 శాతం మార్కులు కొట్టేశారు. ఖజానాకు చిల్లుపడింది.

మరి రోగులకు మేలు జరిగిందా? జరిగింది, కొంత. అయితే పరిశోధకులు లోతుగా తవ్వితే చిత్రమైన సంగతులు బయటపడ్డాయి. గుండె రోగుల సంరక్షణ మార్కుల పద్ధతి రాకముందు నుంచే చకచకా మెరుగవుతూ వస్తోంది. 1998లో 100కు 59 దాకా ఉన్న నాణ్యత స్కోరు 2003కే 76కు చేరింది. మార్కులు వచ్చాక 2005లో 85 అయింది. 2007లోనూ అక్కడే. హద్దు దాటగానే పరుగు ఆగిపోయిందన్నమాట. పైగా గుండె జబ్బు, ఆస్తమా రోగుల విషయంలో మార్కులు లేని పనుల నాణ్యత తగ్గింది. సిలబస్‌లో లేని పాఠం ఎవరు చదువుతారు?

ఇంకో తమాషా కూడా జరిగింది. హద్దు 150 కదా. రికార్డుల్లో 150కి కాస్త కింద ఆగిన బీపీలు ఉన్నట్టుండి ఎక్కువయ్యాయి. యంత్రం 152 చూపిస్తే, 'మరోసారి చూద్దాం' అనుకుని, 148 వచ్చాక రాసుకుని ఉండొచ్చు. అది మోసమని గట్టిగా అనలేం. కానీ 146 వచ్చినప్పుడు మరోసారి ఎవరూ చూడరుగా!

అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు మరోటుంది. మూడుసార్లు కబురుపెట్టినా రాని రోగిని లెక్కలోంచి తీసేసే వెసులుబాటు డాక్టర్లకు ఇచ్చారు. డాక్టరు వైపు నుంచి చూస్తే న్యాయమే. మనిషి రాకపోతే ఆయనేం చేస్తాడు? చాలామంది దాన్ని పద్ధతిగానే వాడుకున్నారు. మొదటి ఏడాది అలా తీసేసినవాళ్లు మామూలు క్లినిక్కుల్లో నూటికి ఆరుగురే. ఓ 91 క్లినిక్కులు మాత్రం నూటికి 15 మందికి పైగా రోగుల్ని తీసి పక్కనపెట్టాయి. తాగుడు అలవాటైనవాడు, రెండు షిఫ్టులు పనిచేసేవాడు, మతిమరుపు వచ్చిన ముసలామె... రానివాళ్లంటే ఎక్కువగా ఇలాంటివాళ్లే. గ్లిన్‌కోరుగ్‌ డాక్టరు ఎవరి కోసం వెతికాడో, వాళ్లనే ఇక్కడ గౌరవంగా లెక్క దాటించారు.

2016లో 'లాన్సెట్‌'లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం, ఈ మార్కుల వల్ల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని తేల్చింది. ఆ ఏడాదే స్కాట్లండ్‌ ఈ పద్ధతిని ఎత్తేసింది. కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఎత్తేశాక చూస్తే, రికార్డుల్లో చాలా అంశాల నాణ్యత ఇంగ్లండుతో పోల్చితే పడిపోయింది! డాక్టర్లు పని మానేశారా, రాయడం మానేశారా? ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

44 నుంచి 80కి

అదే కాలంలో అట్లాంటిక్‌కు అవతల మరో ప్రయత్నం జరిగింది. ఉత్తర కాలిఫోర్నియాలో 'కైజర్‌ పర్మనెంటే' అనే పెద్ద ఆరోగ్య సంస్థ ఉంది. బీమా, ఆసుపత్రి, డాక్టర్లు, మందులషాపు అన్నీ దానివే. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగాలకని అక్కడికి వెళ్లిన మన తెలుగువాళ్లలో చాలామందికి ఆ పేరు సుపరిచితమే. 2001లో ఆ సంస్థ తన సభ్యుల్లో బీపీ ఉన్నవాళ్ల జాబితా తయారుచేసింది. దాదాపు 3.5 లక్షల మంది తేలారు. అదుపులో ఉన్నది 44 శాతం మందికే.

2009 నాటికి అది 80 శాతమైంది. దేశం మొత్తమ్మీద బీమా సంస్థల సగటు అదే కాలంలో 55 నుంచి 64కు మాత్రమే పెరిగింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ ఎనిమిదేళ్లలో జాబితా చిక్కిపోలేదు. 6.5 లక్షలకు పెరిగింది! మొండి కేసుల్ని తీసేసి శాతం పెంచుకోలేదు. కొత్తవాళ్లను వెతికి చేర్చుకుంటూనే పెంచుకున్నారు.

ఎలా చేశారంటే, చెప్పుకోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు. కొన్ని నెలలకోసారి ఏ క్లినిక్‌లో ఎంత శాతం అదుపులో ఉందో లెక్కతీసి అన్ని క్లినిక్కులకూ పంపేవారు. బాగా చేస్తున్న చోటికి వెళ్లి, ఏం చేస్తున్నారో చూసి, మిగతాచోట్ల అదే చేయించారు. రెండు మందులు కలిపిన ఒకే మాత్ర ఇచ్చారు. మందు మార్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో బీపీ చూపించుకోవడానికి డాక్టరు అపాయింట్‌మెంటు అక్కర్లేదు, సహాయకులే చూస్తారు, దానికి ఫీజు లేదు అన్నారు. రోగి రాకపోవడానికి ఉన్న సాకుల్ని ఒక్కొక్కటిగా తీసేశారన్నమాట.

పెద్ద సంస్థ కాబట్టి చెల్లింది. మరి ఇద్దరు ముగ్గురు డాక్టర్లుండే చిన్న క్లినిక్కుల సంగతేంటి? 2015లో అమెరికా ప్రభుత్వం దాదాపు 1,500 చిన్న క్లినిక్కుల్ని ఎంచుకుని వాటికి సాయం చేసింది. ఆస్పిరిన్‌, బీపీ, కొలెస్ట్రాల్‌, పొగ... ఈ నాలుగింటిలో ఎలా ఉన్నారో లెక్క చెప్పమంది. అన్నిటా కంప్యూటర్లున్నాయి. రోగుల వివరాలన్నీ వాటిలోనే ఉన్నాయి. తీరా చూస్తే, 'మా రోగుల్లో ఎంతమందికి బీపీ అదుపులో ఉంది' అన్న ఒక్క ప్రశ్నకు సరైన జవాబు రాబట్టడానికి చాలామంది తల పట్టుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్లు ఒక్కో రోగి వివరాలు రాసుకోవడానికీ, బిల్లులు వేయడానికీ పనికొస్తాయి గానీ అందర్నీ కలిపి చూడటానికి అంతగా పనికిరాలేదు మరి!

ఆ నాలుగింటిలోనూ మొదటిది మధ్యలోనే అడ్డం తిరిగింది. గుండె జబ్బు లేనివాళ్లు కూడా ముందుజాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్‌ వేసుకుంటే మంచిదని చాలాకాలం చెప్పారు. 2018లో వరసగా వచ్చిన పెద్ద అధ్యయనాలు, అలాంటివాళ్లలో మేలు అంతంతమాత్రమేననీ, రక్తస్రావం ముప్పు ఎక్కువనీ చూపించాయి. 60 దాటినవాళ్లు ముందుజాగ్రత్త కోసం కొత్తగా మొదలుపెట్టొద్దని 2022లో అమెరికా నిపుణుల సంఘం చెప్పేసింది. అంటే, నిన్న మార్కులు తెచ్చిపెట్టిన పనే ఇవాళ తప్పయింది. ఇక్కడో మాట. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకూ, స్టెంట్‌ వేయించుకున్నవాళ్లకూ ఇది వర్తించదు. డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను పేపర్లో చదివి మానేయకండి.

ఫైలు రోగి చంకలో

మనదగ్గరికొద్దాం. పల్లెల్లో గుండె జబ్బులేంటి, అవి పట్నవాసం జబ్బులు అనుకునే రోజుల్లో, 2003-04లో, ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఓ అధ్యయనం జరిగింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మరణం జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లారు. చివరి రోజుల్లో ఏం జరిగింది, ఎక్కడ నొప్పన్నారు, ఎంతసేపట్లో పోయారు అని అడిగి రాసుకున్నారు. వాటిని బట్టి డాక్టర్లు కారణం నిర్ధారించారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అన్నింటికన్నా అదే పెద్ద వాటా. పచ్చటి కొబ్బరితోటల మధ్య, పొలం పనులు చేసుకునే మనుషుల్లో!

ఆ తర్వాత పశ్చిమగోదావరిలోనే 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో ఇంకో ప్రయత్నం చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి 40 దాటినవాళ్ల బీపీ, షుగరు, పొగ అలవాటు నమోదు చేస్తే, ఎవరికి ముప్పు ఎక్కువో ట్యాబ్‌ చెప్పేస్తుంది. వాళ్లను డాక్టరు దగ్గరికి పంపాలి. ఆశాలు ఎంతో శ్రద్ధగా పనిచేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో, ట్యాబ్‌లున్న ఊళ్లకూ లేని ఊళ్లకూ తేడా లేదు! నిరాశ కలిగించేదే అయినా దాచకుండా ప్రచురించారు. ముప్పు ఉందని చెప్పడం ఒక ఎత్తు, ఆ మనిషి నెలల తరబడి మందు మింగేలా చూడటం మరో ఎత్తు.

మనకున్న అసలు ఇబ్బంది వేరు. బ్రిటన్‌లో ప్రతి మనిషి పేరూ ఏదో ఒక కుటుంబ వైద్యుడి జాబితాలో ఉంటుంది. కాబట్టి 'మొత్తం ఎంతమంది' అన్నది తెలుస్తుంది. మనదగ్గర ఫైలు రోగి చంకలో ఉంటుంది. ఈ నెల ఈ డాక్టరు, వచ్చే నెల ఆ డాక్టరు, మధ్యలో ఆర్‌ఎంపీ. డబ్బులు లేకపోతే పాత చీటీ చూపించి మందులషాపులో పది మాత్రలు. ప్లాస్టిక్‌ కవర్లో మడతలుపడ్డ ఆ చీటీలే మన వైద్య చరిత్ర. ఇలాంటప్పుడు ఏ ప్రైవేటు డాక్టరునైనా 'మీ రోగుల్లో ఎంతమందికి అదుపులో ఉందండీ' అని అడిగితే ఏం చెబుతారు? తనదగ్గరికి రావడం మానేసినవాడు మరొకరి దగ్గర బాగున్నాడో, అసలు ఉన్నాడో లేడో ఆయనకు తెలిసే దారే లేదు.

టీబీ నేర్పిన పాఠం

ఈ చిక్కుముడికి జవాబు గుండె డాక్టర్ల దగ్గర కాదు, టీబీ డాక్టర్ల దగ్గర దొరికింది. 1970ల చివర్లో కారెల్‌ స్టిబ్లో అనే వైద్యుడు ఆఫ్రికాలోని టాంజానియాలో ఓ పద్ధతి పెట్టాడు. ఈ మూడు నెలల్లో మందు మొదలుపెట్టినవాళ్లందర్నీ ఓ బ్యాచ్‌గా తీసుకోవాలి. గడువు అయ్యాక ప్రతి ఒక్కరూ ఏమయ్యారో చెప్పాలి. నయమైంది, కాలేదు, చనిపోయారు, మానేశారు... ఏదో ఒక గడిలో ప్రతి పేరూ పడాల్సిందే. 'తెలియదు' అని వదిలేయడానికి వీల్లేదు. మన దేశంలో డాట్స్‌ పేరుతో ఊరూరా తెలిసిన కార్యక్రమానికి మూలం అదే.

2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ లెక్కనే బీపీకి అరువు తెచ్చుకుంది. కేంద్ర ఆరోగ్యశాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొందరు కలిసి మొదలుపెట్టిన దీన్ని తొలుత అమలుచేసిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒక త్రైమాసికంలో పేరు నమోదైన రోగుల పరిస్థితి తర్వాతి త్రైమాసికంలో చూస్తారు. గడులు మూడే. బీపీ 140/90 కన్నా తక్కువకు వచ్చింది. రాలేదు. మనిషే రాలేదు. ఈ మూడో గడిలోనే ఉంది కిటుకంతా. రాని రోగి లెక్కలోంచి జారిపోడు. డాక్టరు శాతాన్ని కిందికి లాగుతూ కాగితం మీద కూర్చుంటాడు.

అలా కూర్చున్నాడు కాబట్టే ఎందుకు రాలేదని అడగాల్సి వచ్చింది. జవాబులు అందరికీ తెలిసినవే. పది రోజులకే మందులిచ్చి మళ్లీ రమ్మంటే కూలి పోతుంది. కాబట్టి నెలకు సరిపడా ఇవ్వాలన్నారు. ఊరికి దూరమైతే ఉపకేంద్రంలోనే ఇవ్వాలన్నారు. ఒక్కో డాక్టరు ఒక్కో మందు రాస్తే ఏది ఎంత తెప్పించాలో తెలియదు. అందుకే రాష్ట్రానికో పద్ధతి ఖాయంచేశారు. చాలాచోట్ల మొదటి మందు ఆమ్లోడిపిన్‌. తగ్గకపోతే మోతాదు పెంచడం, రెండోది కలపడం. పేరు నమోదైన ప్రతివాళ్లకూ ఓ కార్డు. గడువు దాటినవాళ్ల జాబితా తీసి నర్సో, ఏఎన్‌ఎమ్మో, ఆశానో ఫోన్‌ చేయాలి, లేదా ఇంటికెళ్లాలి. ఫలితాల్లో ఓ విశేషం కనిపించింది. పెద్దాసుపత్రులకన్నా ఊరికి దగ్గరగా ఉన్న చిన్న కేంద్రాల్లోనే అదుపు శాతం మెరుగ్గా ఉంది. పెద్దాసుపత్రుల్లో డాక్టర్లు తక్కువవాళ్లని కాదు, రానివాళ్లు అక్కడ ఎక్కువ. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా దక్కింది.

2023 మేలో కేంద్రం మరో పెద్ద లక్ష్యం పెట్టుకుంది. బీపీ, షుగరు ఉన్న 7.5 కోట్ల మందిని 2025 నాటికి సరైన చికిత్సలోకి తేవాలని. అంకె ఘనంగానే ఉంది. కాకపోతే చికిత్సలోకి తేవడం మొదటి గడపే. ఆ 7.5 కోట్లలో మూడో గడిలో ఎంతమంది పడతారన్నది చూస్తేగానీ సంగతి తేలదు.

సున్నాలు చెప్పే నిజం

ఇంత లెక్కా ఆధారపడేది ఓ చిన్న పట్టీ మీద. అది సరిగా చుట్టకపోతే అంతా గల్లంతే. ఏ ఆసుపత్రి పాత రిజిస్టరైనా తీసి చూడండి. 120/80, 130/80, 140/90... అన్నీ గుండు సున్నాలతోనే ముగుస్తాయి. మనిషి రక్తానికి అంత సున్నాల పిచ్చి ఎందుకు? డిజిటల్‌ యంత్రంతో నిజంగా కొలిస్తే చివర సున్నా వచ్చేది దాదాపు పదింటిలో ఒక్కసారే. పేజీ నిండా సున్నాలే ఉన్నాయంటే, కొన్ని కొలిచి, కొన్ని కంటితో చూసి రాశారన్నమాట. అందుకే పర్యవేక్షణకు వెళ్లే అధికారులు శాతాలకన్నా ముందు చివరి అంకెల్ని చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

కొలిపించుకునేవాళ్ల తప్పులూ ఉంటాయి. బస్సు దిగి ఆయాసంతో వచ్చి వెంటనే చెయ్యి చాపుతారు. పట్టీ బిగిస్తుంటే కోడలి సంగతులు చెబుతుంటారు. చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టించుకుంటారు. వీటన్నిటికీ అంకె మారుతుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచి, మాట్లాడకుండా ఉన్నప్పుడు చూసిందే లెక్క. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది. ఒకసారి చూసి వదిలేయకుండా రెండోసారి చూడమని అడగడం రోగి హక్కే.

ఈ కొలతలన్నీ కలిసి చివరికి చేరేది పీహెచ్‌సీ బల్లమీదున్న ఓ కాగితం దగ్గరికి. నెలాఖరు మధ్యాహ్నం. ఓపీ అయిపోయింది. నర్సు ఆ నెల రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంది, ఎదురుగా కూర్చున్న ఆశా కార్యకర్త జవాబు చెబుతుంది. ఈయన కొడుకు దగ్గరికి హైదరాబాద్‌ వెళ్లాడు. ఈమె నాట్లకు పోతోంది, పొద్దుపోయాక వెళ్లాలి. ఈ పెద్దాయన నాటుమందు తాగుతున్నాడట, మాత్రలు వద్దంటున్నాడు. ఈ నంబరు ఎన్నిసార్లు చేసినా కలవడం లేదు.

నర్సు ఆ పేరు కొట్టేయదు. పక్కన ఓ చుక్క పెట్టి, తర్వాతి పేరు చదువుతుంది.